నడవకుండా కొన్న పొలం

జిన్సెంగ్ అమ్మేవాడు ఆవలించకూడదు. చెప్పుల కొట్టువాడు ఉత్త కాళ్ళతో తిరిగితే జనం నవ్వి ఊరుకుంటారు. ఒంటికి సత్తువ కావాలని వేరు కొనడానికి వచ్చినవాడి ముందు అమ్మేవాడే నోరు తెరిచి ఆవలిస్తే, ఆ బేరం అక్కడితో సరి. కొరియాలో మా గుమ్‌సాన్ అంగళ్ళలో ముప్ఫై నాలుగేళ్ళు కూర్చున్నాను, ఆవలించలేదు. ఆ ఏడు ఎండాకాలంలో ఆవలించాను.

వానలు వెనకబట్టి ఎండ ముదిరిన ఆగస్టు. కొట్టు వెనక గదిలో నా భార్య జోమ్‌రే వేర్లు ఆవిరి పట్టేది. ఆ తీపి చేదు వాసన పల్చటి పొగమంచులా కొట్టంతా నిండేది. బల్ల వెనక కూర్చుని చూస్తుంటే వీధి నీళ్ళ అడుగున ఉన్నట్టు కనపడేది. మనుషులు చేపల్లా నెమ్మదిగా, చప్పుడు లేకుండా సాగిపోయేవారు. ఎవరో వచ్చి ధర అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. నా గొంతు పక్క కొట్టులోంచి వస్తున్నట్టుండేది.

దానికి అలసట అని నేను పేరు పెట్టలేదు. పేరు పెడితే లెక్కలోకి వస్తుంది.

కానీ లోపల లెక్క నడుస్తూనే ఉంది. కొట్టు నుంచి వేలం షెడ్డుకి నాలుగు వందల అడుగులు. చలికాలంలో ఒక్క ఊపున వెళ్ళేవాణ్ణి. జూన్‌లో ఒకచోట ఆగాను. ఆగస్టుకి మూడు చోట్ల. ఆగినట్టు తెలియకుండా ఆగడం కూడా ఒక విద్యే. కొడవళ్ళ కొట్టు దగ్గర ఒక కొడవలి తీసి పదును చూసేవాణ్ణి. మూల మలుపులో బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకునేవాణ్ణి. ఎండుమిరప అమ్మే ఆవిడ దగ్గర ధర అడిగేవాణ్ణి.

ఎదుటి కొట్టులో తేనె అమ్మే మన్సూ నాకు చిన్నప్పటి స్నేహితుడు. వాడి కళ్ళు తేనెటీగ కళ్ళు, ఏదీ వదలవు.

"ఏరా తేసోప్, మిరపకాయల ధర రోజూ అడుగుతావు, ఒక్కటీ కొనవు. ఆవిడ మీద మనసైందా ఏంటి?"

"నీ మొహం. ధర పడుతుందేమోనని చూస్తున్నా."

"పడేది ధర కాదురా, నువ్వు. అద్దంలో చూసుకున్నావా? నానేసిన ముల్లంగిలా ఉన్నావు. నీ సరుకు నువ్వు తినవేంట్రా?"

అదే గుచ్చుకుంది. ఎందుకంటే తింటున్నాను. పొద్దున్నే ఆరేళ్ళు ముదిరిన వేరు ముక్కలు తేనెలో. మధ్యాహ్నం కషాయం. సాయంత్రం కోడిపిల్ల కడుపులో వేరు పెట్టి ఉడికించిన పులుసు. సరుకు పనిచేయకపోతే తప్పు సరుకుది కాదు, మోతాదుది అని ముప్ఫై నాలుగేళ్ళుగా వచ్చినవాళ్ళకి చెప్పిన మాట. ఆ మాటే నాకు నేను అమ్ముకున్నాను. మోతాదు రెట్టింపు చేశాను. కొట్టులో మంచి వేరు ఏదొచ్చినా ముందు నా గిన్నెలోకే పోయేది.

"ఇది ఎండ తిప్పలు కాదండీ," అంది జోమ్‌రే ఒకరోజు, ఆవిరికి తడిసిన మొహం తుడుచుకుంటూ. "రాత్రంతా పడుకుని పొద్దున లేచి కూడా ఎవరైనా ఇలా ఉంటారా? చెప్పులేసుకోవడానికి కూడా ఆలోచిస్తున్నారు మీరు."

"నెమ్మదిగా మాట్లాడు. బయట జనం ఉన్నారు."

"ఉండనీండి. వాళ్ళకి మాత్రం కళ్ళు లేవా?"

నేను ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాను.

సెప్టెంబరులో బూరి ఊరికి వెళ్ళాను, మూజూ అక్కయ్య పొలం చూడటానికి. ఆవిడ పుట్టిల్లు మూజూ ఊళ్ళో, అందుకని అందరూ అలాగే అంటారు. డెబ్భై దాటిన చిన్న మనిషి. తొమ్మిదేళ్ళ కిందట భర్త పోతే ఒక్కతే సాగు చేస్తోంది.

మా దగ్గర జిన్సెంగ్ పొలం తవ్వకముందే కొంటారు. వేరు మట్టిలోనే ఉంటుంది, కొనేవాడు కంటి అంచనా మీద కొంటాడు. దానికో పద్ధతి ఉంది. నల్ల పరదాల పందిరి నడుము ఎత్తున ఉంటుంది. కొనేవాడు దాని కింద వంగి, మడి పొడుగునా చివరిదాకా నడవాలి. పందిట్లో రెండు గుంజల మధ్య జాగాని ఒక కాన్ అంటారు. నడిచాక తనకి తోచిన చోట ఒక కాన్ తవ్వి, వేర్లు తూచి, మిగతా పొలమంతా దాన్నిబట్టి అంచనా కట్టి మాట ఇస్తాడు. ఆ మాటకి వెనక్కి పోవడం లేదు. అందుకే ఎవడూ నడవకుండా మాట ఇవ్వడు. ఇచ్చినవాణ్ణి నేను చూడలేదు, వినలేదు.

"మా ఆయన ఉన్నప్పుడు ఒక్కసారి నడిచేవాళ్ళు షావుకార్లు," అంది మూజూ అక్కయ్య, మడి మొదట్లో చేతులు కట్టుకుని నిలబడి. "ఆయన పోయాక రెండేసి సార్లు నడుస్తున్నారు. ఆడదాన్ని ఏం దాచానో అని కాబోలు. నడవండి నడవండి. నాకు పొద్దుపోతుంది."

వంగి లోపలికి వెళ్ళాను. పరదా కింద వెలుతురు నల్లగా నీలంగా, తెల్లవారుజాము ఎక్కడో ఆగిపోయినట్టు ఉంది. ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఒక గుంజ దాటాను, రెండు దాటాను. అయిదు దగ్గర మోకాళ్ళు నావి కాకుండా పోయాయి. ఎనిమిదో గుంజ దగ్గర మడి గట్టు మీద కూర్చున్నాను. నొప్పి లేదు. ఊపిరాడకపోవడం లేదు. ముందున్న నలభై రెండు కాన్లు మాత్రం సముద్రంలా కనిపించాయి.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. జిన్సెంగ్ వేరుకి కాళ్ళూ చేతులూ ఉంటాయి. ఆ మట్టి కింద వేలమంది చిన్న చిన్న మనుషులు కాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నట్టు అనిపించింది. వాళ్ళ ఊపిరి వినిపించింది. వాళ్ళ పక్కన కాస్త జరిగి నాకూ చోటిస్తే బాగుండుననిపించింది.

కూర్చున్న చోటే ఒక కాన్ తవ్వించి బయటికి వచ్చాను. వేర్లు పాలరంగులో, బలంగా ఉన్నాయి.

"అదేంటి, వాగు వైపు చివరిదాకా వెళ్ళలేదే?" అంది ఆవిడ.

నాకు నోటికి అందిన మాట అన్నాను. "మీరే చెప్పండి అక్కయ్యా. అక్కడా ఇలాగే ఉందా?"

"నాకు తెలిసినంతలో ఇలాగే ఉంది."

"మీరు చెప్పాక ఇంక నేను నడవడమెందుకు?"

ఆవిడ ఇంట్లోకి వెళ్ళి చల్లటి బార్లీ నీళ్ళు తెచ్చి, వయసులో పదేళ్ళు చిన్నవాణ్ణి, నాకు పెద్దవాళ్ళకిచ్చినట్టు గౌరవంగా రెండు చేతులతో అందించింది. నేను దాహం మీద తాగేశాను. ఆ రెండు చేతుల సంగతి అప్పుడు పట్టించుకోలేదు. అక్టోబరు ఆఖరున తవ్వకం అని మాట ఇచ్చి వచ్చేశాను.

తర్వాత పది రోజులకి, ఒక పెద్దాయనకి కషాయం ఎలా కాయాలో చెబుతూ, నీళ్ళు సగానికి మరిగాక అన్న మాట దగ్గర నిద్రపోయాను. లేచేసరికి కొట్టు తలుపు వేసి ఉంది. పట్టపగలు మా కొట్టు మూయడం అదే మొదలు. జోమ్‌రే చేతిసంచీ సర్దుకుని నిలబడి ఉంది. తేజాన్ పట్నం బస్సుకి పావుగంట ఉందంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకు కూతురయ్యే వయసుది.

"ఎప్పట్నుంచి అలసటగా ఉంటోంది?"

"అలసటా? నాకేం లేదే."

"మార్చి నుంచి," అంది జోమ్‌రే.

"ఛాతీలో నొప్పి ఏమైనా?"

"లేదు."

"మెట్లు ఎక్కితే ఎలా ఉంటుంది?"

"ఎక్కను. మా అంగడి వీధి చదునుగా ఉంటుంది."

ఆవిడ నవ్వలేదు. పరీక్షలన్నీ అయ్యాక గుండె బొమ్మ తెరమీద చూపించింది. గుండెకి రక్తం తెచ్చే దారులు మూడు పూడుకుపోయాయట. "కొందరి గుండె నొప్పితో చెబుతుంది. కొందరిది అలసటతోనే చెబుతుంది. మీది ఏడు నెలలుగా చెబుతోంది," అంది. "మందులేమైనా వాడుతున్నారా?"

నేను కిటికీ వైపు చూశాను.

"జిన్సెంగ్," అంది జోమ్‌రే.

"రోజుకి ఎంత?"

జోమ్‌రే చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇవాళ్టి నుంచి ఒక్క ముక్క కూడా వద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులకీ దానికీ పొసగకపోవచ్చు. అన్నట్టు, మీరు చేసే పనేంటి?"

నేను మళ్ళీ కిటికీ వైపు తిరిగాను.

ఛాతీ ఎముక కోసి, కాలిలోంచి నరం తీసి, గుండెకి మూడు కొత్త దారులు వేశారు. ఆ రోజులు నాకు ముక్కలుగానే గుర్తు. తెల్లటి పైకప్పు, దగ్గొస్తే ఛాతీకి హత్తుకోమని ఇచ్చిన దిండు, జోమ్‌రే చల్లటి వేళ్ళు. మూడో రోజు నడిపించారు. వరండాని కాన్లలో కొలుచుకున్నాను. మొదటిరోజు మూడు కాన్లు. మర్నాడు అయిదు. ఆ మర్నాడు మళ్ళీ మూడే.

"దారులు బాగుచేశామన్నారుగా?" అన్నాను డాక్టరమ్మతో. "మరి ముందుకన్నా ఎక్కువ అలసిపోతున్నానేంటి?"

"ఇది వేరే అలసట. ముందు మీ గుండెకి తిండి అందక అలసిపోయారు. ఇప్పుడు ఎముక అతుక్కుంటోంది, కోతలు మానుతున్నాయి. లోపల రాత్రింబవళ్ళు పని జరుగుతోంది. నెలలు పట్టచ్చు."

నిజమే, తేడా ఉంది. ముందరి అలసట దొంగలాంటిది, జేబులోంచి కొంచెం కొంచెంగా తీసుకుపోయేది. ఇది ఇంట్లో దిగిన కూలివాళ్ళ లాంటిది. వాళ్ళకి చోటిచ్చి మనం ఓ మూల కూర్చోవాలి. కాకపోతే వాళ్ళు ఎప్పుడు పోతారో చెప్పరు.

జిన్సెంగ్ పండిన నేల డస్సిపోతుంది. పదేళ్ళు పైబడి మళ్ళీ అందులో జిన్సెంగ్ వేయరు. ఆ మాటే ఒక సాయంత్రం పడుకుని గట్టిగా అనేశాను, నేనిక డస్సిన పొలాన్నేమో అని.

జోమ్‌రే పియర్ పండు చెక్కు తీస్తోంది. "ఆ నేలలో మిరప పండదూ? నువ్వులు పండవూ? ఊరికే పడున్న పొలం ఎక్కడ చూశారు మీరు? ఇదిగో, తినండి."

అక్టోబరు మధ్యలో ఇంటికి తెచ్చారు. కొట్టు వెనక, కాగితపు తలుపు అవతల పడక. ఆవిరి గది జోమ్‌రేదే, కొట్టూ జోమ్‌రేదే అయింది. నేను ఒకటే షరతు పెట్టాను.

"ఆసుపత్రి మాట ఎత్తకు. జిన్సెంగ్ షావుకారుకి గుండె ఆపరేషనట అని నవ్వుతారు. కొండల్లోకి వెళ్ళాడు, అడవి వేరు వెతకడానికి అని చెప్పు."

"ఎన్నాళ్ళు వెతుకుతారండీ? ఈపాటికి పులి తినేసిందనుకుంటారు."

"మన కొండల్లో పులులు లేవు."

"మీ అబద్ధాన్ని నమ్మేవాళ్ళు కూడా లేరు."

కానీ అలాగే చెప్పింది. మన్సూకి ఒక్కడికే నిజం తెలుసు. వాడు తేనె సీసా తెచ్చి తలుపు సందులోంచి లోపలికి జరిపి పోయేవాడు. పగలంతా నిద్ర, మెలకువ, నిద్ర. తలుపు కాగితం మీద జనం నీడలు ఊగేవి. తక్కెడ చప్పుడు, జోమ్‌రే గొంతు, మళ్ళీ నిద్ర. మెలకువగా ఉన్నప్పుడు మూజూ అక్కయ్య పొలమే కళ్ళలో మెదిలేది. నడవని ఆ నలభై రెండు కాన్లు. అక్కడ ఏముందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు, జోమ్‌రేకి కూడా.

తవ్వకానికి నాలుగు రోజులుందనగా మూజూ అక్కయ్యే కొట్టుకి వచ్చింది. మధ్యాహ్నం. మన్సూ బల్ల దగ్గర కబుర్లాడుతున్నాడు. రాజధాని సోల్ నుంచి వచ్చిన దంపతులెవరో వేర్లు ఏరుకుంటున్నారు. నేను తలుపు వెనక నుంచి నీడల్నే చూస్తున్నాను.

"షావుకారు గారు లేరా?"

"కొండల్లోకి వెళ్ళారక్కయ్యా," అంది జోమ్‌రే.

"అయితే నీకే చెబుతాను అమ్మాయ్. నిన్న వాగు వైపు చివర తవ్వి చూశాను. వానలకి అక్కడ నీళ్ళు నిలిచినట్టున్నాయి. చివరి పదిహేను కాన్లు, అన్ని మడుల్లోనూ, వేర్లకి తుప్పు తెగులు పట్టింది, పైనంతా ఎర్ర మచ్చలు. ఇదిగో చూడు." బుట్ట కింద పెట్టిన చప్పుడు. "వేరెవరైనా అయితే నోరు మూసుకునేదాన్ని. నడిచి చూసుకున్నాడు, వాడి కర్మ అనుకునేదాన్ని. మీ ఆయన నడవలేదమ్మా. మీ మాట చాలు అక్కయ్యా అన్నాడు. తొమ్మిదేళ్ళలో అలా అన్న మగాడు ఆయనొక్కడే. ఆ రాత్రి మా ఆయన ఫోటోకి కూడా చెప్పుకున్నాను. నమ్మినవాడికి తుప్పు వేరు ఎలా అంటగడతాను? ఆ కాన్లు తీసేసి మిగతాదే తూచుకోండి."

మన్సూ గొంతు: "ఎవరు, మా తేసోపా? నడవకుండా మాట ఇచ్చాడా? వాడు సొంత పెళ్ళిచూపులకే రెండుసార్లు వెళ్ళాడు కదమ్మా!"

అందరూ నవ్వారు. సోల్ ఆవిడ భర్తతో, "ఇలాంటి కొట్టులోనే కొనాలండీ," అంది.

తలుపు వెనక పడుకుని బేరీజు వేసుకున్నాను. తుప్పు కాన్లు పోతాయి. పరువు పెరుగుతుంది. బూరి ఊళ్ళో ప్రతి పొలమూ ఇకముందు ముందుగా నాకే వస్తుంది. దీనికంతటికీ నేను చేయాల్సింది ఊరుకోవడం. ఊరుకోవడానికి సత్తువ అక్కర్లేదు. అప్పుడు నాకున్న బలానికి సరిపడే బేరం అదొక్కటే.

చేతులు ఊని లేవకూడదన్నారు. దిండు ఛాతీకి హత్తుకుని, పక్కకి దొర్లి, కాళ్ళ బలంతో లేచాను. కాలితో తలుపు జరిపాను.

అందరూ నా వైపు తిరిగారు. వదులు పైజమా, మాసిన గడ్డం, చేతుల్లో దిండు. కొండల్లోంచి వచ్చిన మనిషిలా లేను.

"అక్కయ్యా, ఆ రోజు నేను మిమ్మల్ని నమ్మి ఆగలేదు," అన్నాను. "నడవలేక ఆగాను. ఎనిమిదో గుంజ దగ్గర కూర్చుండిపోయాను. నాకు ఓపిక లేదు. మార్చి నుంచీ లేదు. గుండె కోసి బాగుచేశారు, ఓపిక ఇంకా రాలేదు."

సోల్ ఆవిడ చేతిలో ఉన్న వేరుని చప్పుడు కాకుండా పళ్ళెంలో తిరిగి పెట్టేసింది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. మన్సూ తక్కెడ వంక చూస్తూ నిలబడ్డాడు.

మూజూ అక్కయ్య నన్ను పైనుంచి కిందికి చూసింది, మడిలో మొక్కని చూసినట్టు.

"అయితే మీరూ మిగతా షావుకార్లలాంటివారే."

"వాళ్ళకన్నా ఒక అబద్ధం ఎక్కువ."

ఆవిడ తల రుమాలు విప్పి మళ్ళీ కట్టుకుంది. ఆ ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. "మా ఆయనకి ఇప్పుడు ఏం చెప్పను?" అంది, ఎవరితోనో అన్నట్టు. తర్వాత బుట్ట ఎత్తుకుంది. "సరే. నడవకుండా కొన్న పొలం కొన్నట్టు కాదు. తవ్వకం ఆపుతాను. మీరొచ్చి నడవండి."

"ఆయన నడవలేరక్కయ్యా," అంది జోమ్‌రే.

"నడవగలిగినంత నడవమను. మిగతాది నువ్వు నడు."

"నేనెప్పుడూ పొలాలకి వెళ్ళలేదు."

"ముప్ఫై ఏళ్ళుగా మా ఊరి వేర్లన్నీ ఉడకబెట్టింది ఎవరు? నా పొలం కడుపులో ఏముందో నీకు తెలిసినంత మీ ఆయనకేం తెలుసు?"

జోమ్‌రే చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

నవంబరు మొదటి వారం, మన్సూ తన ట్రక్కులో తీసుకెళ్ళాడు. గుంతలొచ్చినప్పుడల్లా, "దిండు పట్టుకోరా," అని అరిచేవాడు. పొలం మీద మంచు ఇంకా విడలేదు. ఆకులు రాలి మడులు బోడిగా ఉన్నాయి. నేను ముందు, నా వెనక జోమ్‌రే, ఆ వెనక మూజూ అక్కయ్య. పందిరి కింద ముగ్గురం వంగి నడిచాం. నాలుగు గుంజలకోసారి ఆగాను. కొడవలి చూడలేదు, తాడు కట్టుకోలేదు. ఊరికే ఆగాను. వాళ్ళూ ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇరవై రెండో గుంజ దగ్గర, "అలిసిపోయాను," అన్నాను పైకే.

జోమ్‌రే బుట్ట బోర్లించింది. కూర్చున్నాను. ఆవిడ నన్ను దాటి వంగి ముందుకి వెళ్ళింది. పరదాల నీడలో ఇద్దరు ఆడవాళ్ళూ చిన్నవాళ్ళవుతూ వాగు వైపు కరిగిపోయారు. పార దిగిన చప్పుడు, మట్టి విరిగిన చప్పుడు. నాకు నిద్ర వస్తోంది. దాన్ని ఆపలేదు. ఆ నిద్రలోంచే వాళ్ళ మాటలు సన్నగా, స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఇది పై తుప్పేనక్కయ్యా. ఆవిరి పడితే సగం పోతుంది. ఈ మూడు కాన్లు పారేయక్కర్లేదు. అదిగో, అవతలివి మాత్రం లోపలిదాకా పట్టాయి."

"అంతేనంటావా?"

"నేను రోజూ చూసేదేగా."

తక్కెడ చప్పుడు. వేర్లు తూచుతున్నారు. తర్వాత జోమ్‌రే పొలం మొత్తానికి ఒక ధర చెప్పింది. నేను చెప్పేదానికన్నా కొంచెం ఎక్కువ. లేచి వెళ్ళి సరిదిద్దొచ్చు. ఇంకా ఇరవై ఎనిమిది కాన్ల దూరం ఉంది. పరదా చిల్లుల్లోంచి ఎండ నా మోకాళ్ళ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది, వెచ్చగా ఉంది.

"ఖాయమేనా షావుకారమ్మా?" అంది మూజూ అక్కయ్య.

జోమ్‌రే నా వైపు తిరిగి చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

"ఖాయం," అంది.